కాగితం ఒక మాట, కాంటా ఒక మాట

అరచేతిలో పట్టేంత చీటీ. పేరు టోకెన్. 2021 వానాకాలం కోతలప్పుడు ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అది చేతిలో ఉన్నవాడు మారాజు, లేనివాడు బికారి. సన్న వడ్లు మిల్లుకు తోలాలంటే టోకెన్. ట్రాక్టరు రోడ్డెక్కాలంటే టోకెన్. కోత మిషన్ పొలంలోకి దిగాలన్నా ముందు ఆ చీటీ సంగతేందో చూసుకోవాలి. దాని కోసం తెల్లారకముందే ఆఫీసుల ముందు వరుసలు. మిర్యాలగూడ దారిలో ట్రాక్టర్ల బారులు. పచ్చి వడ్లు ట్రక్కులోనే వేడెక్కుతుంటే రైతు స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీశాడు.

సరే, ఆ సీజన్ గడిచిపోయింది. ఇప్పుడొక్క ప్రశ్న. ఆ టోకెన్ల లెక్క ఏ బీరువాలో ఉంది? ఏ రోజు ఎన్ని ఇచ్చారు? ఎన్ని ట్రాక్టర్లు వెనక్కి తిరిగాయి? వెనక్కి తిరిగిన రైతు ఆ వడ్లు ఎంతకు తెగనమ్మాడు? రేపు ఎవరో కుర్రాడు ఉస్మానియాలో పరిశోధన చేస్తానని వస్తే అతనికి ఏ గది తలుపు తీస్తారు?

వ్యాపార విధానం అంటే ఢిల్లీలో ఏసీ గదుల వ్యవహారం అనుకుంటాం. మిర్యాలగూడలో దాని సైజు అరచెయ్యి. ఆ చీటీని చరిత్రగా దాచాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. మనది మాత్రం డిజిటల్ రాష్ట్రం. డిజిటల్ దేశం. డిజిటల్ జిల్లా. ఫ్లెక్సీలో బొమ్మ చూడలేదా?

చెప్పిన మాట గుర్తుంచుకోవడం మన పాలకులకు ఎంత ఇబ్బందో కాస్త బియ్యం ఎగుమతుల తేదీలు వరుసగా పెట్టి చూడండి. 2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి బంద్, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతే బంద్. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. 2024 సెప్టెంబర్ చివర్లో తెల్ల బియ్యం పంపుకోండి, కానీ టన్నుకు 490 డాలర్లు తగ్గొద్దన్నారు. ఉప్పుడు బియ్యానికి సుంకం 10 శాతం చేశారు. నెల తిరగలేదు, అక్టోబర్‌లో ఆ కనీస ధరా లేదు, ఆ సుంకమూ లేదు. 2025 మార్చిలో నూకలకూ విముక్తి. రెండున్నరేళ్లలో ఇన్ని పిల్లిమొగ్గలు. సర్కసు వాళ్లు కూడా వేసే ముందు డప్పు కొడతారు. వీళ్లకు అదీ లేదు. జూలై 20న ఉత్తర్వు వచ్చింది, ఆ రోజు నుంచే అమలు.

అంతకు ముందు సంగతి ఇంకా రసవత్తరం. యాసంగి వరి ఎండలకు కోతకొస్తుంది. పచ్చిగా మరపడితే గింజ విరిగి నూకవుతుంది. అందుకే ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. మిర్యాలగూడలో వందకు పైగా మిల్లులు నిలబడ్డది ఆ ఆవిరి మీదే. 2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం ఇక వద్దు పొమ్మంది. ఇవ్వబోమని రాష్ట్రం రాసిచ్చింది. వరి వేస్తే ఉరేనన్న మాట ఊరూరా తిరిగింది. రాసిచ్చిన రాష్ట్రమే 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నాకు కూర్చుంది. 2025 మార్చి 31న కాకినాడ రేవులో జెండా ఊపారు, 12,500 టన్నుల తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. అప్పుడేమో వరి వేస్తే ఉరి. ఇప్పుడేమో వరి వేస్తే ఓడ. నడుమ ప్రభుత్వం మారింది, మాట మారింది. నారు పోసే రైతు మాత్రం అతనే.

ఆ ఉరి మాటను నమ్మి యాసంగిలో పొలం బీడు పెట్టిన రైతు ఎంత నష్టపోయాడు? నమ్మకుండా వేసినవాడు ఎంతకు అమ్ముకున్నాడు? ఉత్తర్వులో ఇవి ఉండవు. ఆ రైతు నోట్లో ఉంటాయి. ఆ నోటి ముందు మైకు పెట్టింది ఎవరు? ఓట్లప్పుడు పెట్టారు లెండి. జిందాబాద్ అనమని.

ఇంకో తమాషా వినండి. మన వడ్లకు ఇచ్చే మద్దతు ధర చరిత్ర చూడాలంటే దారి సూర్యాపేట మీదుగా పోదు, జెనీవా మీదుగా పోతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థకు మన దేశం ఇచ్చిన లెక్కల ప్రకారం 2018-19లో దేశంలో పండిన బియ్యం విలువ 4,367 కోట్ల డాలర్లు, ఇచ్చిన మద్దతు 500 కోట్ల డాలర్లు. మద్దతు పంట విలువలో పదిశాతం మించొద్దన్న గీత దాటింది. 2013 బాలి ఒప్పందంలోని శాంతి నిబంధనను 2020లో వాడుకుని గట్టెక్కాం. ఆ కాగితం అక్కడ నంబరు వేసి, తేదీ వేసి, ఎవరడిగినా దొరికేలా పెట్టారు. 1947 నుంచి గ్యాట్ చర్చల పాత పత్రాలు కూడా ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన గింజ గురించి స్విట్జర్లాండ్‌లో ఫైలు భద్రం. ఆ గింజను మోసిన హమాలీ గురించి ఇక్కడ మార్కెట్ యార్డులో ఏముంది? ఒక రేకుల షెడ్డు. దాని మీద దాత పేరు.

మనవాళ్లు దాచలేదంటే ఒప్పుకోను. పూర్వం దాచారు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. 1195 నాటి శాసనం ఇప్పటికీ నిలబడి ఉంది. కరెంటు లేదు, పాస్‌వర్డ్ లేదు, టెండర్ లేదు. సముద్రం ఒడ్డున మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వ్యాపారులకు అభయ శాసనం వేయించాడు. పూర్వపు రాజులు తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు, నేను సుంకం తప్ప ఇంకేం ముట్టనన్నాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. రాయి మీద చెక్కించాడు, రేపు మాట మార్చే వీలు లేకుండా. 780 ఏళ్లయింది. వాణిజ్య విధానం ఇంకా చదవొచ్చు. 2021 ఆగస్టు నుంచి కొన్నేళ్ల పాటు మన పక్క రాష్ట్రం జీవోలను ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టడమే మానుకుంది. కోదాడ దాటి నాలుగు అడుగులేస్తే ఆ రాష్ట్రమే. ఇవతల మనమేదో ఉద్ధరించామని కాదు. జీవో వచ్చిందని పేపర్లో చదవడం, నంబరు కోసం సచివాలయం మెట్లెక్కడం మనకూ కొత్త కాదు. కాకతీయుల రాయి నయమా, మన సర్వర్ నయమా? మీరే చెప్పండి.

రాతి మీది అక్షరం అంటే గుర్తొచ్చింది. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. మంచిదే, ఉద్యమంలో రాసుకున్న అక్షరాలు. కానీ ఒక్క అక్షరం మారేసరికి ఆఫీసుల పేర్లు, వెబ్‌సైట్ల చిరునామాలు కూడా మారాయి. పాత లింకు నొక్కితే పేజీ దొరకలేదంటుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాను ముక్కలు చేశారు. సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా, మిర్యాలగూడ నల్లగొండలోనే. పాత ఫైలు అడిగితే అది ఆ జిల్లాదంటారు, ఆ జిల్లావాళ్లు ఇది మీదే కదా అంటారు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, భూమి రికార్డులకు ఇక తిరుగు లేదన్నారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, ధరణి వల్లే ఇంత గోల అన్నారు. కొత్త పేరు పెట్టినప్పుడల్లా రిబ్బన్ కత్తిరిస్తారు. రిబ్బన్‌తో పాటు ఇంకేం తెగుతుందో ఎవడూ చూడడు.

ఇప్పుడు అసలు కడుపుమంట.

కాగితం దాస్తే సరిపోతుందా? నిజాం జమానా చూడండి. వెట్టి కూడదంటూ ఫర్మానాలున్నాయి. చక్కటి ఉర్దూలో, మొహర్లతో. ఒక్క కాగితమే చదివితే తెలంగాణలో వెట్టి ఆనాడే పోయిందనుకోవాలి. పోయిందా? సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. అంత భూమి జీతమిచ్చి దున్నించారా? గ్రామాల్లో కోమట్లు అధికారి దిగితే ఉప్పు, పప్పు, నూనె అడిగినంత ఇచ్చుకోవాలి, ధర ఊసెత్తకూడదు. అందుకే 1920ల్లో ఆంధ్ర జన సంఘం మాడపాటి హనుమంతరావు పూనికతో వర్తక స్వాతంత్ర్యం అనే చిన్న పుస్తకం వేసి పంచింది. సరుకుకు పైసలు అడిగే హక్కు నీకుందయ్యా అని వ్యాపారికి చెప్పడానికి ఒక పుస్తకం వేయాల్సి వచ్చింది! తెలంగాణ వాణిజ్య విధాన చరిత్రలో మొదటి పేజీగా పెట్టాల్సిన కాగితం అది. మన పిల్లల్లో ఎంతమంది చూశారు దాన్ని?

సభ పెట్టుకోవాలంటే మాత్రం అనుమతి కావాలి. ఆ ఉత్తర్వు పేరు గస్తీ నిషాన్ 53. సభ పెడితే ఫైలు. ఉపన్యాసం ఇస్తే ఫైలు. వెట్టి చేస్తే ఫైలు లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెవీ ధాన్యం గుంజినప్పుడు చట్టం అందరికీ ఒకటే. గడీలో గరిసెలు మాత్రం లెవీ కళ్లకు కనిపించలేదు. పేదరైతు గుమ్మిని అడుగు దాకా ఊడ్చింది. ఈ తేడా ఏ రిజిస్టర్‌లో రాశారు?

రిజిస్టర్‌లో రాయలేదు. ఆడవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. 1980ల్లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు టేప్‌రికార్డర్ పట్టుకుని ఊరూరా తిరిగి తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులు పట్టారు. 1986లో అది మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకమైంది. పేరులోనే ఎంత దెబ్బ ఉందో చూశారా? ఏ పురావస్తు శాఖో, ఏ విశ్వవిద్యాలయమో బడ్జెట్ పెట్టి చేసిన పని కాదది. కొందరు ఆడవాళ్లు పూనుకుని చేశారు. కరివిరాల కొత్తగూడెం పిల్ల మల్లు స్వరాజ్యం తలకు ఆనాటి సర్కారు పదివేలు వెల కట్టింది. తల వెల నమోదు చేసుకోవడానికి మహా తొందర. ఆమె మాట నమోదు చేసుకోవడానికి? 2019లో నా మాటే తుపాకీ తూటా అచ్చయ్యేనాటికి ఆమెకు ఎనభై ఎనిమిదేళ్లు. అచ్చేసింది హైదరాబాద్ బుక్ ట్రస్ట్. 2022 మార్చి 19న ఆమె పోయారు. ఆమె గొంతైనా దక్కింది. ఆమెతో నడిచినవాళ్లు? ఆమెకు అన్నం పెట్టి దాచిన ఇల్లాళ్లు? ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సంతాప సందేశాలకు మాత్రం మన దగ్గర కొరత లేదు. చక్కగా టైపు చేసి పంపుతారు, తీరని లోటు అని. లోటు తీర్చుకోవడానికి ముప్పై ఏళ్ల టైముండె కదా నాయనా, అప్పుడేం పీకారు?

కోదాడ దగ్గరి ముచ్చట ఇంకొకటి. ఇప్పుడు రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర చెక్‌పోస్టు చూసి ఇదేదో 2014లో పుట్టిన గీత అనుకుంటారు కుర్రాళ్లు. పూర్వం చుట్టూ నిజాం రాజ్యం, నడుమ దీవిలాగా కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలోనే. అవతల ఇంగ్లీషోడి కల్దారు రూపాయి, ఇవతల హాలీ సిక్కా. సరిహద్దు దాటితే సుంకం. నిజాం సుంకాల శాఖకు కరోడ్‌గిరి అని పేరు. ఉప్పు మూట, గుడ్డల మూట ఏ గట్టు మీదుగా, ఏ చీకట్లో దాటించారో, కరోడ్‌గిరి జవానుకు ఏం ముట్టజెప్పారో ఏ సుంకం రిజిస్టర్‌లోనైనా ఉంటుందా? అది చెప్పగల తాతలు ఎందరు మిగిలారు? ఆ తాత ఇప్పుడు వరండాలో మంచం మీద ఉన్నాడు. మనవడు ఫోన్లో రీల్ చూస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం మూడడుగులు. ఆ మూడడుగుల మేర మన దేశంలో నెట్‌వర్క్ లేదు.

పాత కథలంటారా? సరే, ఈమధ్య సీజన్ల సంగతే మాట్లాడుకుందాం. కొనుగోలు కేంద్రం దగ్గర బోర్డు ఉంటుంది. తేమ 17 శాతం లోపు. తరుగు లేదు. మూడు రోజుల్లో ఖాతాలో పైసలు. వంద కిలోల వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లర్ సర్కారుకు తిరిగివ్వాలి. భలే శుభ్రంగా ఉంది కదా! ఆ బోర్డును స్కాన్ చేసి ఆర్కైవ్‌లో పెడితే వందేళ్ల తర్వాత చదివినవాడు రామరాజ్యం మన జిల్లాలోనే నడిచిందనుకుంటాడు. పక్కనే కాంటా ఉంది. దాన్నెవరు స్కాన్ చేస్తారు? 40 కిలోల బస్తాకు పైన ఎంత తూగిందో దడ్వాయికి తెలుసు, ఎత్తిన హమాలీ నడుముకు తెలుసు. కిలో పోయిందనే అనుకోండి. వంద బస్తాల రైతుకు క్వింటా మాయం. 2024-25లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర ప్రకారం 2,320 రూపాయలు. తక్‌పట్టీలో ఈ ముక్క ఉండదు. ప్రైవేటుగా పచ్చి వడ్లు అమ్మితే తెల్ల చీటీ మీద నాలుగంకెలు గీకి ఇస్తారు, సంతకం కూడా ఉండదు. ఇక మిల్లుకు చేరిన వడ్లు బియ్యమై ఎప్పుడు తిరిగొస్తాయంటే గడువు పొడిగించారంటారు. ఆ గడువుకు మళ్లీ గడువు. రైతు బ్యాంకు కిస్తీకి ఒక్కరోజు పొడిగించమనండి, చూద్దాం.

కాగితం ఒక మాట, కాంటా ఒక మాట. ఒక గదిలో జీవో, అదే గదిలో హమాలీ గొంతు పక్కపక్కన పెట్టండి. దొంగ ఎవడో పదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. ఆ గది కట్టరు. ఎందుకు కడతారు? కాగితాలు ఒక ఊళ్లో, మనుషులు ఒక ఊళ్లో ఉన్నంతకాలం అందరికీ క్షేమం.

డిజిటలైజేషన్ జరగడం లేదా అంటారేమో. ఎందుకు లేదు! తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల నాటి పారశీక పత్రాలను ఇరాన్ వాళ్ల నూర్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో ఒప్పందం చేసుకుని డిజిటల్ చేయిస్తున్నారు. మంచి పని, వెక్కిరించను. ఔరంగజేబు సైన్యంలో జీతాల లెక్క బతికి బట్టకట్టింది. మరి 1967 ఆగస్టు 4న సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మొదటి తడి పంట పండించినవాడి లెక్క? మిల్లర్ల నుంచి సర్కారు లెవీ బియ్యం తీసుకున్న ఏళ్ల లెక్కలు? ఆ లెవీని 2014 అక్టోబర్‌లో 25 శాతానికి కుదించారు, 2015లో ఎత్తేశారు. దాంతో పాటు ఆ ఫైళ్లనూ ఎత్తేశారా? 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలకు, భారత ఆహార సంస్థ లాంటి వాటికి వర్తిస్తుంది. రికార్డు నాశనం చేస్తే శిక్ష కూడా రాశారందులో. చట్టం పుట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఆ చట్టం కింద మన దగ్గర ఎవరికైనా శిక్ష పడ్డట్టు మీరెప్పుడైనా విన్నారా? చెదపురుగు మీద కేసు ఎట్లా పెడతారులే.

స్కానింగ్ అయితే అయిపోయినట్టేనా? డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఒకటుండేది. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో అష్టవంకర్లు, కొన్ని పేజీలు తలకిందులు. అయినా బంగారం. తర్వాత ఆ సైటే మూతపడింది. ఎవరో పుణ్యాత్ములు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎత్తిపోయకపోతే ఆ స్కానింగ్ ఖర్చంతా మూసీలో పోసినట్టే. నీళ్ల మాట ఊరికే అనలేదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు జొరబడి అరుదైన ఉర్దూ పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. వాటిని బాగుచేయడానికి షికాగో విశ్వవిద్యాలయం తోడు రావాల్సి వచ్చింది. షికాగో వాళ్లకు ఉర్దూ రాదా అంటే వచ్చు. మనకు సిగ్గు రాదా అంటే... పోనీయండి.

రేపో మాపో జిల్లాకో డిజిటల్ ఆర్కైవ్ అన్న ప్రకటన రాదని నేననను. వస్తుంది. జ్యోతి వెలిగిస్తారు. శాలువాలు కప్పుతారు. స్కానర్ టెండర్ పోతుంది. స్కానర్ వస్తుంది, ఆపరేటర్ పోస్టు ఔట్‌సోర్సింగ్. ఆపరేటర్‌కు ఆరు నెలల జీతం బకాయి. మొదట స్కాన్ చేసేది ఏంటో చెప్పనా? ప్రారంభోత్సవం ఫోటోలు.

ఈలోగా పని ఆగదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో పాత కాగితాలు కొంటామంటూ బండి తిరుగుతూనే ఉంది. అడ్తి దుకాణం మూసేసిన కొడుకు తండ్రి చిట్టాపద్దులు గోనెసంచిలో కట్టి తెచ్చి బండి మీద వేస్తాడు. 1970ల నాటి వడ్ల ధరలు, అప్పుల పద్దులు, వేలిముద్రలు, ఎర్రగుడ్డ అట్టల రోకడ పుస్తకాలు. బండివాడు తేమ చూడడు. టోకెన్ అడగడు. తరుగు తీయడు. కాంటా మీద పెట్టి, ముల్లు చూపించి, పైసలు అక్కడికక్కడే చేతిలో పెడతాడు.